పని వచ్చు, పద్దు రాదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాలలో చేతిపని రానివారు అరుదు. కుట్టుమిషను, పరుపుల పని, సైకిలు రిపేరు, పండ్ల బండి, ఏదో ఒకటి చేసుకుని బతుకుతున్నవారమే. పని నేర్పేవారు ఇంట్లోనే ఉన్నారు. పద్దు నేర్పేవారే లేరు. ఆ లోటును గురించే ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాం.

ఒక పరుపుకు దూది, గుడ్డ, దారం కలిపి 1,100 రూపాయలు అయిందనుకుందాం. ఒక రోజు పని పట్టింది. 1,400కు అమ్మి 300 లాభమంటాం. మరి మన రోజు కూలి మాటేమిటి? అదే రోజు ఇంకొకరి దగ్గర పనికి పోతే 400 వచ్చేది కదా! అంటే లాభం కాదు, 100 రూపాయలు నష్టం.

నౌపడలో ఈ లెక్క మరీ ముఖ్యం. ఎండలు కాసినన్నాళ్లే ఇక్కడ ఉప్పు పండుతుంది. వానలు పడితే మడుల్లో పని ఆగిపోతుంది. కూలీల చేతిలో డబ్బు ఆడదు, అంగట్లో అరువు పెరుగుతుంది. ఎండాకాలపు రాబడిలో వానాకాలానికి ఎంత తీసిపెట్టాలో పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. పుస్తకం లేనివాడు చివరికి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కవలసిందే.

నేర్చుకునే దారులు లేకపోలేదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి నిరుద్యోగ యువకులకు శిక్షణ సంస్థ పెట్టాయి. అదే పద్ధతిలో తర్వాత జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వెలిశాయి. బోధన, భోజనం, వసతి ఉచితం. పనితోపాటు ధర కట్టడం, లెక్క రాయడం కూడా నేర్పుతారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో దర్జీ, మేస్త్రీ, మంగలి మొదలైన 18 వృత్తులను చేర్చారు. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15,000 వరకు సాయం పెట్టారు. అప్పు తీసుకోవడం మన ఇష్టం. వడ్డీ వద్దనుకునేవారు శిక్షణ, పనిముట్ల వరకే అడగవచ్చు.

ఇక మా ప్రతిపాదన. వారానికి రెండు రాత్రులు ఇషా నమాజు తర్వాత బడిలో పద్దుల తరగతి పెడదాం. ఇంట్లో మిషను కుట్టే అక్కచెల్లెళ్లకు పగటిపూట వేరే పెడదాం. మూడు గడులు చాలు: వచ్చింది, పోయింది, అరువు. ఇంటి ఖర్చుకు వేరే పుట. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా లెక్క లెక్కే. చదువుకునే పిల్లలను రోజూ తండ్రి పద్దు రాయనివ్వండి. బడి చదువు దేనికన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెబుతారు.

పాఠం చెప్పడం మా వంతు. మీ అంగడి లెక్కలు పట్టుకుని రావడం మీ వంతు. ఖుదా హాఫిజ్.