మాసిన వీధులు – మాయని పేర్లు
(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ జీర్ణోద్ధరణ వేళ వీధులను గురించిన ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. గుడికీ వీధికీ ఉన్న సంబంధం దేహానికీ ప్రాణానికీ ఉన్న సంబంధం వంటిది. వీధి లేనిదే స్వామికి ఊరేగింపు లేదు. ఊరేగింపు సాగే వీధి పేరును ఊరు సులభంగా మరచిపోదు. మన ఊరి పేరే ఇందుకు సాక్ష్యం. పూర్వం ఇది శుభగిరి అనీ, చెంగాళమ్మ తల్లికి జరిగే సుళ్ళు ఉత్సవం వల్లనే సూళ్లూరుపేట అయినదనీ మన పెద్దలు చెప్పుకొనే స్థలపురాణం. ఒక ఉత్సవం ఒక ఊరి పేరును నిలిపినదంటే, ఆ ఉత్సవం నడిచిన దారుల విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

దారులు అంతరించిన ఒక పట్టణం కథను ఈ సభకు మనవి చేస్తాను. అది మనకు దూరపు కథ కాదు. మన తీరంలోని దుర్గరాజపట్నంలో ఆంగ్లేయులు 1626లో ఒక వర్తకశాల పెట్టారు. దానిని వారు ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మరింత అనువైన చోటును వెదకుతూ దక్షిణానికి వెళ్ళి, 1639లో దామెర్ల నాయకుల నుండి ఒక ఇసుక తీరాన్ని పొందాడు. అదే చెన్నపట్నం. దామెర్ల చెన్నప్ప నాయకుని పేర ఆ పట్టణం వెలసినదని ప్రసిద్ధి. నేడు మనం రైలెక్కి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే చెన్నై నగరానికి మూలం అది.

కోటకు ఉత్తరాన తెలుగు, తమిళ వర్తకులు, నేతగాళ్ళు, అద్దకపు పనివారు ఇళ్ళు కట్టుకొన్నారు. ఆంగ్లేయులు దానిని నల్లవారి పట్టణం అన్నారు. దాని నడుమ చెన్నకేశవస్వామి ఆలయం వెలసినది. 1640ల నాటి పత్రాలలోనే ఆ ఆలయ ప్రసక్తి ఉన్నది. బేరి తిమ్మన్న వంటి తెలుగు దుబాసీల పేరు దానితో ముడిపడి ఉన్నది. ఆనాడు వీధి అంటే కేవలం నడిచే దారి కాదు. అది ఒక హక్కు. ఎవరి పెండ్లి ఊరేగింపు ఏ వీధిన సాగవచ్చునన్న విషయమై 1707లో కుడిచేతి, ఎడమచేతి కులాల మధ్య పెద్ద తగవు రేగి, గవర్నరు పిట్ కల్పించుకోవలసి వచ్చినది. వీధులను ఎంతగా తమవిగా భావించితే అంతటి తగవు పుడుతుంది!

అటువంటి వీధులు ఏమైనవి? 1746లో ఫ్రెంచివారు పట్టణాన్ని పట్టుకొని, కోట గోడను ఆనుకొని ఉన్న ఇళ్ళను కూల్చివేశారు. 1749లో పట్టణం తిరిగి ఆంగ్లేయుల వశమైనది. శత్రువు చాటు చేసుకొనకుండా, ఫిరంగి గుండుకు అడ్డు లేకుండా ఉండాలని మిగిలిన ఇళ్ళను వారే తొలగించారు. 1757లో ఆలయం కూడా నేలమట్టమైనది. ఊరు ఉన్న చోట మైదానం మిగిలినది. అక్కడ ఇళ్ళు కట్టరాదని తెలుపుతూ 1773లో హద్దురాళ్ళు నాటారు. వాటిలో ఒకటి పారిస్ కార్నర్ వద్ద నిలిచినది. ఆ మైదానం మీదనే 1892లో హైకోర్టు భవనం ప్రారంభమైనది. న్యాయస్థానానికి వెళ్ళే వేలాదిమంది తమ పాదాల క్రింద ఒక ఊరు ఉండేదని ఎరుగరు.

అయితే స్వామి ఇల్లు లేక మిగిలిపోలేదు. 1760లలో మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకొని, తానూ ధనమిచ్చి, ప్రజల వద్ద చందాలు కూర్చి, ఉత్తరాన పూలబజారు ప్రాంతంలో ఆలయాన్ని తిరిగి కట్టించాడు. కేశవుడు, మల్లికేశ్వరుడు పక్కపక్కనే కొలువుదీరారు. చెన్నైవాసులు నేటికీ దానిని పట్టణం కోవెల అంటారు. ఇక్కడ ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. గుడికి దాత దొరికాడు. వీధికి దొరకలేదు. దాత పేరు చరిత్రకెక్కినది. నేతగాని ఇల్లున్న సందు పేరును పలికేవారు లేకపోయారు.

ఆ వీధులను పరిశోధకులు ఎట్లా జాడ తీశారు? పిట్ కాలంలో పట్టణాన్ని కొలిపించి తయారు చేయించిన పటం ఒక ఆధారం. కంపెనీవారి లెక్కలు, తీర్మానాలు మరొక ఆధారం. వీటిని పరిశీలించి హెన్రీ డేవిసన్ లవ్ 1913లో మద్రాసు చరిత్రను వెలువరించాడు. ఇళ్ళ క్రయపత్రాలు ఇంకొక ఆధారం. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట ఫలానా వీధి అని వ్రాసిన నాలుగు హద్దుల మాట అన్నిటికంటె విలువైన సాక్ష్యం. కొన్నిచోట్ల వస్తువు పోయినా పేరు నిలుస్తుంది. కొత్వాలు చావడి కూరగాయల అంగడి 1996లో కోయంబేడుకు తరలినది. అయినా కన్యకాపరమేశ్వరి ఆలయమున్న ఆ ప్రాంతాన్ని జనులు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

మన ఊరిని ఏ సైన్యమూ కూల్చలేదు. కాని మార్పు ఫిరంగితోనే రానక్కరలేదు. మదరాసు – కలకత్తా రహదారి, రైలుమార్గం, 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపికైన శ్రీహరికోట ఈ పేటను పెంచినవి. అది మన అదృష్టమే. అయితే రహదారి వెడల్పయిన కొద్దీ సందులు ఇరుకవుతాయి. కొత్త కాలనీలకు కొత్త పేర్లు వచ్చిన కొద్దీ పాత పేర్లు ముసలివారి నోట మాత్రమే మిగులుతాయి.

కనుక నా మనవి మూడు మాటలు. మొదటిది, స్వామివారి ఊరేగింపు సాగే వీధులను, పల్లకి ఆగే చోట్లను వరుసగా వ్రాసి ఆలయ దస్తావేజులలో భద్రపరచండి. రెండవది, మీ ఇళ్ళలోని పాత పత్రాలలో నాలుగు హద్దుల కింద ఉన్న వీధుల పేర్లను ఒక కాగితం మీద ఎక్కించి ఇవ్వండి. మూడవది దాతలకు ప్రత్యేకంగా చేసే విన్నపం. జీర్ణోద్ధరణలో పాత శిలాఫలకాలు సున్నం క్రిందనో, పాలరాతి క్రిందనో కప్పబడిపోతుంటాయి. మీ పేరు కొత్త ఫలకం మీద చెక్కించుకొనే ముందు, ఆ చోట ఎవరి పేరైనా ఉన్నదేమో ఒకసారి చేతితో తడిమి చూడండి. వెనుకటి దాత పేరును మనం కాపాడితేనే మన పేరును మన తరువాతివారు కాపాడతారు.

గోపురానికి కలశం ఎత్తడం పుణ్యం. ఆ కలశాన్ని చూచుటకు భక్తుడు నడిచివచ్చిన దారి పేరును నిలుపుట కూడా పుణ్యమే. తలుపులు లేని గుడిలో రేయింబవళ్ళు మేలుకొని ఈ పేట వీధులన్నిటినీ కాచే చెంగాళమ్మ తల్లి కటాక్షం మనందరిపై ప్రసరించుగాక!

స్వస్తి.