తాళం పడ్డ బడి - తల్లుల మాట



ఈ రోజు మాట్లాడుకునేది పిల్లల బడి గురించి. కరోనా రోజుల్లో బడికి తాళం పడింది. ఆ తాళం చిన్న పిల్లలకు ఏడాదిన్నర దాకా తియ్యలేదు. అప్పుడు తల్లులు ఏమనుకున్నారు? తండ్రులు ఏమన్నారు? అందరూ ఒకటే మాట అన్నారా? అనలేదు. ఎందుకు అనలేదో చూద్దాం.

2020 మార్చి 2న హైదరాబాదులో మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 16 నుంచి తెలంగాణ అంతటా బడులు బంద్ పెట్టారు. ముందు మార్చి 31 దాకా అన్నారు. పిల్లలు గంతులేశారు. తల్లులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఎండాకాలం సెలవులు కాస్త ముందుగా వచ్చాయి అనుకున్నారు. పుస్తకాల సంచీని మేకుకు తగిలించారు. ఆ సంచీ ఆ మేకుకే ఉండిపోయింది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. గచ్చిబౌలి ఎట్లా ఉండేదో తెలుసు కదా! పొద్దున లేస్తే కార్లు, బస్సులు, ఆటోలు. అద్దాల మేడల్లో కంప్యూటర్ ఆఫీసులు. ఆ మేడలు ఊడ్చేవాళ్లు, తుడిచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, కట్టేవాళ్లు వేల మంది. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. లాక్‌డౌన్‌తో రోడ్లు ఖాళీ అయ్యాయి. ఆఫీసు ఇంటికి వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగులు ఇంట్లోనే కూర్చుని పని చేశారు. అపార్ట్‌మెంట్ల గేట్లు మూసుకున్నాయి. ఇండ్లలో పని చేసే అమ్మలను లోపలికి రానివ్వలేదు. కొందరికి జీతం ఇచ్చారు. కొందరికి ఇవ్వలేదు.

అప్పుడే గచ్చిబౌలిలో, ఆటల మైదానం పక్కన ఉన్న పెద్ద భవనాన్ని కరోనా ఆసుపత్రిగా మార్చారు. పేరు టిమ్స్. 1,500 పడకలు. 2020 ఏప్రిల్‌లో దాన్ని తయారు చేశారు. అంబులెన్స్ కూత వినని రోజు లేదు. ఆ కూత వింటూ ఏ తల్లి అయినా బిడ్డను బడికి పంపు అంటే పంపుతుందా?

అందుకే మొదట్లో తల్లుల మాట ఒకటే. “బడి పోతే పోయింది. పాణం ఉంటే సాలు.” మేడ మీద ఉన్న తల్లి ఈ మాటే అన్నది. సెల్లార్‌లో ఒక గదిలో ఉన్న వాచ్‌మన్ భార్య కూడా ఈ మాటే అన్నది. ఆమెకు ఇంకో భయం కూడా ఉంది. ఇంట్లో అత్త ఉంది, మామ ఉన్నాడు. అందరూ ఒకే గదిలో పడుకోవాలి. పిల్లవాడు జబ్బు తెస్తే ముసలివాళ్లకు అంటుతుంది. అప్పుడు ఎవర్ని ఎక్కడ పడుకోబెట్టాలి?

నెలలు గడిచాయి. అప్పుడు మాట రెండయ్యింది.

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం టీవీలో పాఠాలు మొదలుపెట్టింది. టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. ప్రైవేటు బడులవాళ్లు ఫోన్లో, కంప్యూటర్‌లో పాఠాలు చెప్పారు. మంచిదే. బడి లేని రోజుల్లో ఏదో ఒకటి ఉండాలి కదా!

కానీ ఒక సంగతి చూడండి. టీవీ పాఠాలు 3వ తరగతి నుంచి 10వ తరగతి దాకా మాత్రమే. 1వ తరగతికి లేవు. 2వ తరగతికి లేవు. అంటే అప్పుడే ‘అ, ఆ’ దిద్దుకునే పిల్లలకు ఏ పాఠమూ లేదు. ఒక లెక్కన అది నిజమే. టీవీ ఎదుట కూర్చోబెడితే అక్షరం వస్తుందా? అక్షరం రావాలంటే పక్కన మనిషి ఉండాలి. చెయ్యి పట్టి దిద్దించాలి. తప్పు రాస్తే తుడిపి మళ్లీ రాయించాలి. ఈ సంగతి మీకంటే బాగా ఎవరికి తెలుసు? ‘ఖ’ ఎట్లా రాయాలో, ‘క్ష’ ఎట్లా తిప్పాలో ఎన్ని రాత్రులు దిద్దారు! పక్కన నేర్పే మనిషి లేకుంటే వచ్చేదా?

చదువుకున్న తల్లి తానే పక్కన కూర్చుంది. ఆఫీసు పని ఒక చేత, పిల్లవాడి పలక ఒక చేత. ఆమెకూ సుఖం లేదు. ఇంటి పని, ఆఫీసు పని, బడి పని మూడూ ఆమె నెత్తినే పడ్డాయి. కొందరు ఆడవాళ్లు ఉద్యోగం మానుకున్నారు. పిల్లలు పొద్దస్తమానం తెర చూసి కళ్లు మండుతున్నాయి అన్నారు. అయినా ఆమె బిడ్డకు అక్షరం వచ్చింది.

చదువు రాని తల్లి ఏం చెయ్యాలి? ఇంట్లో ఒకటే ఫోన్. అది భర్త జేబులో ఉంటుంది. భర్త పనికి పోతే ఫోన్ కూడా పోతుంది. సాయంత్రం వచ్చేసరికి పాఠం అయిపోతుంది. ఇద్దరు పిల్లలుంటే ఒక ఫోన్ ఎవరికి? చాలా ఇళ్లల్లో ముందు కొడుక్కు ఇచ్చారు. బిడ్డ గిన్నెలు తోమింది. బడి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. తల్లికి చదవడం రాదు. పక్కింటి పిల్లను పిలిచి చదివించుకోవాలి. ఆ పిల్ల ఒకరోజు చదువుతుంది, ఒకరోజు విసుక్కుంటుంది. నెట్ వేయించాలంటే పైసలు కావాలి. ఆ పైసలకు బియ్యం కొనాలా, నెట్ కొనాలా?

బియ్యం అంటే ఇంకొకటి గుర్తుకొస్తుంది. సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం పెడతారు. వారంలో కొన్ని రోజులు గుడ్డు పెడతారు. బడి మూస్తే ఆ వేడి అన్నం కూడా ఆగింది. బడి అంటే చదువు ఒక్కటే అనుకునేవాళ్లకు ఇది తట్టదు.

పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదిలి పనికి పోవాలంటే తల్లికి గుండె దడ. ఎదిగిన ఆడపిల్ల ఉంటే మరీ దడ. బడి ఉంటే పొద్దున నుంచి సాయంత్రం దాకా కళ్ల ముందు పంతులమ్మ ఉంటుంది. బడి లేకుంటే ఎవరున్నారు? పెళ్లి చేసి బరువు దించుకుందామా అని ఆలోచించిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. కొంతమంది మగపిల్లలు కూలికి పోయారు. పైసలు చేతికొచ్చాక మళ్లీ బడికి పొమ్మంటే పోలేదు.

ఇట్లా ఏడాది కాకముందే చాలా మంది పేద తల్లుల మాట మారింది. “బడి తెరవండి” అన్నారు. మేడల్లో చాలా మంది “ఇంకా ఆగండి, పిల్లలకు టీకా రానివ్వండి” అన్నారు. వాళ్లదీ తప్పు కాదు. పిల్లల టీకా అప్పటికి రాలేదు. 15 ఏళ్లు దాటిన పిల్లలకే అది 2022 జనవరిలో వచ్చింది. ఆగే వసతి ఉన్నవాళ్లు ఆగమన్నారు. ఆగలేనివాళ్లు తెరవమన్నారు. ఆ రోజుల్లో పత్రికల్లో, టీవీల్లో ఎక్కువగా వినబడింది మాత్రం మొదటివాళ్ల మాట.

ఫీజుల గొడవ వేరే. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం 46 నంబరు జీవో ఇచ్చింది. ప్రైవేటు బడులు ఆ ఏడాది ఫీజు పెంచవద్దు, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెల నెలా తీసుకోవాలి అని అందులో ఉంది. అయినా చాలా చోట్ల గొడవలు జరిగాయి. తల్లిదండ్రుల సంఘాలు హైకోర్టు దాకా పోయాయి. ఫీజు కట్టలేక పిల్లల్ని సర్కారు బడికి మార్చినవాళ్లు చాలా మంది.

ఇప్పుడు ఒక కాగితం సంగతి. ఇది బాగా వినండి.

2021 ఫిబ్రవరి 1న బడులు తెరిచారు. ముందు 9, 10 తరగతులకు. ఫిబ్రవరి 24 నుంచి 6, 7, 8 తరగతులకు. చిన్న పిల్లలకు తెరవలేదు. పిల్లవాడు బడికి రావాలంటే తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు రాసి ఇవ్వాలి అన్నారు. బడి నుంచి కాగితం వచ్చింది. చదవగలిగినవాళ్లు చదివి సంతకం పెట్టారు. చదవలేనివాళ్లు వేలిముద్ర వేశారు, లేకపోతే పిల్లవాడు చూపించిన చోట గీత గీశారు. ఆ కాగితంలో ఏముందో చెప్పింది ఎవరు? పిల్లవాడే. బడికి పోవాలని ఉన్న పిల్లవాడు ఒక తీరుగా చదువుతాడు. పోవడం ఇష్టం లేని పిల్లవాడు ఇంకో తీరుగా చదువుతాడు!

ఆ తెరిచిన బడి కూడా నిలవలేదు. కొన్ని హాస్టళ్లలో, గురుకులాల్లో పిల్లలకు, టీచర్లకు కరోనా వచ్చింది. మార్చి 24న మళ్లీ బంద్. ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చింది. ఆ రెండు నెలల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ప్రతి వాడలో ఎవరో ఒకరు పోయారు.

2021 సెప్టెంబర్ 1 నుంచి అన్ని తరగతులకూ తెరుస్తాం అని ప్రభుత్వం అన్నది. కొందరు హైకోర్టుకు పోయారు. ఆగస్టు 31న కోర్టు చెప్పింది: పిల్లలు రావాలని ఎవరినీ బలవంతం చెయ్యరాదు. ఇష్టం ఉన్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు ఇంటి నుంచే చదువుతారు. ఇంకో మాట కూడా చెప్పింది. ‘పిల్లవాడికి కరోనా వస్తే బడికి బాధ్యత లేదు’ అని తల్లిదండ్రుల చేత రాయించుకోరాదు. ఒకవేళ రాయించుకున్నా ఆ కాగితం చెల్లదు.

చూశారా! అది చెల్లని కాగితం. కానీ చెల్లదని తెలియాలంటే ముందు దాన్ని చదవాలి. కోర్టు ఏమన్నదో పేపర్లో చదవాలి.

ఆ సెప్టెంబర్‌లో చిన్న పిల్లలు బడి గడప తొక్కారు. 2020 మార్చి నుంచి లెక్క పెడితే 17 నెలలు దాటింది. 2022 జనవరిలో మళ్లీ మూశారు. సంక్రాంతి సెలవులు అని జనవరి 8న మొదలుపెట్టి నెలాఖరు దాకా పొడిగించారు. ఫిబ్రవరి 1న తెరిచారు. అప్పటికి చాలా మంది తల్లులకు భయం పోయి విసుగు వచ్చింది. “సినిమా హాళ్లు తెరిచి ఉన్నాయి, వైన్ షాపులు తెరిచి ఉన్నాయి, బడికే కరోనా వస్తదా?” అని అడిగారు. దీనికి సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

వేరే దేశాల్లో ఏం చేశారు? డెన్మార్క్ అనే దేశం 2020 ఏప్రిల్ 15నే బడి తెరిచింది. ముందు చిన్న పిల్లలకే తెరిచింది. అక్కడ కూడా కొందరు తల్లులు భయపడ్డారు, పంపం అన్నారు. ఆఫ్రికాలో ఉగాండా అనే దేశంలో 2020 మార్చిలో మూసిన బడి చాలా మంది పిల్లలకు 2022 జనవరి దాకా తెరవలేదు. మన దగ్గర పెద్ద పిల్లలకు ముందు తెరిచి, చిన్నవాళ్లకు చివర తెరిచారు. పెద్ద పిల్లలకు పరీక్షలు ఉంటాయి కదా. అక్షరాలకు పరీక్ష లేదు.

2021 ఆగస్టులో 15 రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్లకు పోయి అడిగారు. అందులో తెలంగాణ లేదు. పల్లెల్లో వందమంది తల్లిదండ్రుల్లో 97 మంది బడి వెంటనే తెరవాలి అన్నారు. పట్నాల్లో 90 మంది అన్నారు. పట్నంలో వందమంది పిల్లల్లో 24 మందే ఫోన్లో రోజూ చదివారు. పల్లెలో 8 మందే.

తెలంగాణ పల్లెల లెక్క ఇంకొకటి ఉంది. 3వ తరగతి పిల్లలకు 2వ తరగతి పాఠం ఇచ్చి చదవమన్నారు. 2018లో వందలో 18 మంది చదివారు. 2022లో 5గురే చదివారు. 18 అనేదే తక్కువ. అంటే బడి తెరిచి ఉన్నప్పుడు కూడా అంతా సరిగ్గా లేదు. కరోనా వచ్చి ఆ కొంచెం కూడా తీసుకుపోయింది.

2020 మార్చిలో 1వ తరగతిలో ఉన్న పిల్లను తలుచుకోండి. ఆ పిల్లను 2వ తరగతికి పంపినట్టు రాశారు. 2వ తరగతి మొత్తం ఇంట్లోనే గడిచింది. సెప్టెంబర్‌లో బడికి పోయేసరికి 3వ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ పిల్లకు గుణింతం రాదు. ఎదురుగా 3వ తరగతి వాచకం. చెప్పడానికి సిగ్గు. కొందరు తల్లులు పంతులమ్మను అడిగారు: “కింది తరగతిలో కూర్చోబెట్టండి, అక్షరం వచ్చాక పైకి పంపండి.” కొందరు ట్యూషన్ పెట్టారు. కొందరు “పాస్ అయ్యింది కదా” అని ఊరుకున్నారు. ఊరుకున్నవాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. పాస్ అంటే వచ్చింది అనే కదా ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. మీ ఇంట్లో ఆ వయసు పిల్ల ఉంటే ఈ పుస్తకమే చేతికి ఇవ్వండి. ఒక పేజీ ఆమె చదవాలి, ఒక పేజీ మీరు చదవాలి. ఎక్కడ ఆగిందో అక్కడ తెలిసిపోతుంది. ఒత్తుల దగ్గర ఆగిందా, గుణింతం దగ్గర ఆగిందా చూడండి. తర్వాత బడికి పోయి పంతులమ్మకు ఆ సంగతి చెప్పండి. బడికి పోయి అడిగే హక్కు మీకు ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు. వాటిలో మహిళా సంఘాలవాళ్లు ఉంటారు. మీ వాడ బడి కమిటీలో ఎవరెవరు ఉన్నారో అడగండి. మీ పేరు రాయమనండి. బడి మీటింగు కాగితం వస్తే పిల్లల చేత చదివించుకోవద్దు. మీరే చదవండి. అర్థం కాని చోట వేలు పెట్టి, “ఇక్కడ ఏముంది?” అని పంతులమ్మను అడగండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

2020 మార్చిలో 1వ తరగతిలో ఉన్న ఆ పిల్ల 2029 మార్చిలో 10వ తరగతి పరీక్ష రాస్తుంది.