మరలి వచ్చినవారిని గురించి



చరిత్ర బోధించే మేము వైద్యవిషయం ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని మూడవ పారాజిక నియమం పుట్టిన కథ ఇటువంటిదే. వైశాలిలో అశుభభావన అభ్యసించిన భిక్షువులలో పలువురు దేహంపై రోసి ప్రాణములు తీసుకున్నారు. అర్ధమాస ఏకాంతవాసం ముగించి వచ్చిన తథాగతుడు సంఘం పలుచబడినదేమని ఆనందుని అడిగాడు. కారణం విని, మిగిలినవారిని ఒకచోట చేర్చి ఆనాపానస్మృతి బోధించాడు. ముందు కారణం అడగడం, పిమ్మట మిగిలినవారిని చూసుకోవడం: మేము గమనించినది ఈ క్రమమే.

ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవారిని గురించి "గండం గడిచింది" అంటారు మన బస్తీలలో. గడవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పూర్వయత్నమే అన్నింటికన్నా బలమైన ప్రమాదసూచిక. ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన తొలి వారాలు, నెలలు మరీ గడ్డువి. ఒకటికి మించి యత్నించినవారికి, తగ్గని కుంగుబాటు ఉన్నవారికి, మద్యానికి లోబడినవారికి, బాల్యంలో హింసకు గురైనవారికి, దీర్ఘకాలపు నొప్పి అనుభవించేవారికి ఆపద అధికం. ఇక ఏదీ మారదన్న నమ్మకం తరచుగా వీటి వెనుక ఉంటుంది.

మన ఊరి సంగతి ప్రత్యేకించి చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి మన పెద్దలు టాటా కర్మాగారానికి వచ్చి కద్మా, సోనారి, గోల్మురిలలో స్థిరపడ్డారు. ఇక్కడ క్వార్టరు, వైద్యం, ఇరుగుపొరుగు సైతం ఉద్యోగంతో ముడిపడినవే. గోల్మురి కేబుల్ కంపెనీ మూతపడినప్పుడు కార్మికుడు పోగొట్టుకున్నది జీతమొక్కటే కాదని ఆ కాలం చూసినవారెరుగుదురు. పని పోయినవాడు, విరమణతో క్వార్టరు వదిలినవాడు, భార్యను కోల్పోయినవాడు సభకు రావడం మానితే "గర్వం పెరిగింది" అని ఊరకుంటాము. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం కూడా ఉంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు.

చెన్నైతో సహా 5 దేశాల ఆసుపత్రులలో, యత్నించి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించింది. ఫలితం 2008లో వెలువడింది. ఒక వర్గానికి మామూలు చికిత్స. రెండవ వర్గానికి అదనంగా ఒక గంట సంభాషణ, ఆపై 18 నెలలలో 9 పలకరింపులు, ఫోనులోనో ఇంటికి వెళ్ళియో. ఆ వ్యవధిలో ఆత్మహత్యతో మరణించినవారు మొదటి వర్గంలో 2.2 శాతం, రెండవ దానిలో 0.2 శాతం. మందులు మానవచ్చునని ఎవరూ అర్థం చేసుకోరాదు. కుంగుబాటుకు వైద్యుడు కావలసిందే. కాని ఆ తొమ్మిది పలకరింపులు మన చేతిలోనివి.

"పాపం చేశావు" అనే మాట మన ఉపాసకుల నోట కూడా వింటున్నాము. ఏడేండ్లు శాంతి దొరకక ప్రాణం విడువబోయి, ఆ క్షణాననే విముక్తి పొందిన సీహా థేరి పలుకులను సంఘం దాచలేదు, థేరీగాథలో చేర్చింది. కేసు భయంతో గాయాన్ని దాచే కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, వేరుగా నిరూపితమైతే తప్ప, అట్టివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి శిక్షించరాదన్నది. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు.

బిష్టుపూర్‌లో 'జీవన్' అనే నివారణ కేంద్రం స్వచ్ఛంద సేవకులతో నడుస్తున్నది. టెలిమానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చును. పౌర్ణమి సభకు రెండు మాసాలుగా రానివారి పేర్లు కార్యదర్శిగారు ఈ సాయంత్రం చదువుతారు. ఎవరింటికి ఎవరు వెళ్ళేదీ ఇక్కడే నిర్ణయించుకుందాము.