అద్దమునకు అందనిది



నేటి యువతీయువకులు కొందరు ముక్కు వంకర యనియు, పెదవి మందమనియు దుఃఖించుచు ప్లాస్టిక్ సర్జరీకి పోవుచున్నారు. దీనిని శాస్త్రము ఒప్పునా యని మమ్ము పలువురు అడుగుచున్నారు. తొందరపడి నిందింపరాదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానము 16వ అధ్యాయమున తెగిన ముక్కును మరల కూర్చు విధానము కలదు. ముక్కు కొలతకు సరిపోవు ఆకును తీసికొని, ఆ మేరకు చెక్కిలి మాంసమును మొదలు విడిపోకుండ కోసి అతుకవలెనని ఆచార్యులు చెప్పిరి. 1794లో లండను పత్రిక యొకటి, పుణే ప్రాంతమున నుదుటి చర్మముతో ముక్కు కట్టిన వైనమును ప్రకటింపగా, పాశ్చాత్య వైద్యులును ఆ పద్ధతి నేర్చిరి. భాగవతమున శ్రీకృష్ణుడు కుబ్జ వంకరలు తీర్చి నిటారుగ నిలిపెను. కనుక కాలినదానిని, తెగినదానిని, గ్రహణమొర్రిని సరిచేయించుట దోషము కాదు, అది దయ.

చక్కని ముక్కునే వికారమని తలచువారి మాట వేరు. గంటల తరబడి అద్దము విడువరు, నలుగురిలోనికి రారు, ఎవరెంత చెప్పినను నమ్మరు. ఇది మనోవ్యాధి. ఇటలీ వైద్యుడు మోర్సెల్లీ 1891లోనే దీనికి పేరు పెట్టెను. ఇట్టివారికి కత్తి వలన శాంతి కలుగుట అరుదు. ముక్కు మారినను, దుఃఖము చెక్కిలికో గడ్డమునకో మారును. వీరు మొదట చూడవలసినది మానసిక వైద్యుని. అందు అవమానము లేదు.

తైత్తిరీయోపనిషత్తు దేహమును అన్నమయమనెను. అన్నమును నిందింపకుండుట వ్రతమనెను. విస్తరిలోని మెతుకును కాలితో తాకని మనము, ఆ అన్నముతోనే పెరిగిన దేహమును ఏల నిందింపవలెను? దాని లోపలనున్న ప్రాణమునకు, మనస్సునకు, విజ్ఞానమునకు, ఆనందమునకు ఏ అద్దమును లేదు.

తల్లులారా, తండ్రులారా! ఈ దుఃఖమునకు విత్తనము పలుమార్లు ఇంటిలోనే పడును. “నల్లపిల్ల, దీనికి పెండ్లి ఎట్లగును?” అని మీరు పొరుగువారితో అన్న మాటను ఆ బిడ్డ తలుపు చాటున వినును. రాముడు నీలమేఘశ్యాముడు, ద్రౌపదికి కృష్ణ యనియే పేరు. గర్భాలయములోని నల్లరాతి మూర్తికి హారతి పట్టి, ఇంటికి పోయి బిడ్డను నల్లనిదని చిన్నబుచ్చుట ఏమి భక్తి?

కావున శస్త్రవైద్యుని కడకు పోవు ముందు, సరిచేయవలసినది అవయవమునా, మనస్సునా, ఇంటివారి మాటనా యని విచారింపుడు. అవయవమైనచో వైద్యుడు కలడు. మాటయైనచో నేటి సాయంకాలమే మానుడు.

శుభమస్తు.