కడగక ముందు చూడవలసినది



పండుగపూట ఈ ప్రసంగం ఎందుకమ్మా అని కార్యదర్శిగారు మొదట సంకోచించారు. మన ఇళ్ళలో పిల్లలున్నారు గనుక అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

నేను డర్బన్‌లో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. చేరిన కొత్తలో ఒక రాత్రి, అత్యాచారానికి గురైన పదహారేళ్ళ పిల్లను తల్లి తీసుకొని వచ్చింది. ఒంటినిండా మట్టి, గోళ్ళలో నెత్తురు. నాకు కడుపు తరుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్ళతో ముఖం తుడిచాను, గోళ్ళు శుభ్రం చేశాను, తడిబట్టలు ప్లాస్టిక్ సంచీలో పెట్టి తల్లికిచ్చాను. డాక్టరుగారు కాగితం మీద రెండే మాటలు వ్రాశారు: గాయములు లేవు. ఆ కేసు కోర్టులో నిలవలేదు. ఆ గోళ్ళలోనిది దుర్మార్గుడి నెత్తురే కావచ్చునని నాకు తట్టనేలేదు. నేను చేసినది జాలితోనే చేశాను.

తరువాత శిక్షణకు వెళ్ళాను. అక్కడ మొదట నేర్పినది, చేతులు కట్టుకొని చూడడం. ప్రాణాపాయముంటే వైద్యమే ముందు. లేనప్పుడు, కడగక ముందు చూడాలి. ప్రతి పనికీ రోగి అనుమతి అడగాలి, వద్దంటే ఆగాలి. తడిబట్టలు ప్లాస్టిక్‌లో ఉంటే బూజుపట్టి సాక్ష్యం పాడవుతుంది. ఆరనిచ్చి, కాగితపు సంచీలలో విడివిడిగా ఉంచాలి. చిరుగు మీదుగా కత్తెర పెట్టరాదు. సంచీ ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయిందో వ్రాయాలి. మనవంటి చామనచాయ ఒంటిమీద కమిలిన మచ్చ సరిగా కనబడదు. తాకి వాపు, నొప్పి తెలుసుకోవాలి. మచ్చ రంగునుబట్టి అది ఎన్నాళ్ళదో చెప్పరాదు, మా పాత పుస్తకాలు ఏమన్నాసరే. గొంతు నులిమినా పైకి గుర్తు లేకపోవచ్చును. గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టమా అని అడగాలి, కళ్ళలో ఎర్రచుక్కలు వెదకాలి.

అన్నిటికన్న కష్టమైనది వ్రాత. ఈ దేశంలో దానికి జె-88 అనే ఫారం ఉంది. శిక్షణ పొందిన నర్సులు కూడా నింపవచ్చును. గాయములు లేవని వ్రాసి ఆగిపోరాదు. గాయం లేనంత మాత్రాన దాడి జరగలేదని కాదని కూడా వ్రాయాలి. ఆ వాక్యం మీదనే ముద్దాయి తరఫు లాయరు మనలను గంటసేపు నిలబెడతాడు. చదువు లేనిదే అక్కడ నోరు పెగలదు.

2000లో కేప్‌టౌన్‌లోని మానెన్‌బర్గ్‌లో మొదటి థుతుజెలా కేంద్రం వచ్చింది. ఖోసా భాషలో ఆ మాటకు ఓదార్పు అని అర్థం. పరీక్ష, వైద్యం, పోలీసు ఫిర్యాదు అన్నీ ఒకేచోట. మన వైపు ఫీనిక్స్‌లోనూ, ఉమ్‌లాజీలోనూ ఉన్నాయి. 72 గంటలలోపల వస్తే హెచ్.ఐ.వి. సోకకుండా మందు మొదలుపెడతారు, 28 రోజులు వాడాలి.

మనవారిలో ఏం జరుగుతుంది? జరగరానిది జరిగిందని గొంతు తగ్గించి, ముందు పిల్లకు నీళ్ళు పోసి, బట్టలుతికి, ఆ తరువాత పెద్దలతో ఆలోచన. తల్లులను నేను తప్పుపట్టను, నేను చేసినదీ అదే. స్నానమైపోయినా రండి, మూడురోజులు దాటినా రండి, వైద్యముంటుంది. వీలైతే మాత్రం ఉన్నదున్నట్లుగా తీసుకురండి. విడిచిన బట్టలు కాగితంలో చుట్టి తెండి.

నర్సు చదువో, డాక్టరు చదువో చదివే పిల్లలు ఈ హాలులో ఉంటే భోజనాలయ్యాక నా దగ్గరకు రండి. ఖాళీ జె-88 ఫారాలు కొన్ని తెచ్చాను. కూర్చుని నింపి చూద్దాం.