జకాత్ ఎవరికి చెందుతుంది?

(రంజాన్‌కు ముందు హైదరాబాద్ పాతబస్తీలో పనిచేసే మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రంజాన్ దగ్గర పడుతోంది. ఇంకో పది పదిహేను రోజుల్లో మన ఆఫీసులకి ఆడవాళ్లు రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని వస్తారు. "ఆపా, ఎక్కడో జకాత్ ఇస్తున్నారట, మా పేరు రాయించండి" అంటారు. మనం రాయిస్తాం. కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. ఎందుకు దొరకలేదో మనమూ అడగం, వాళ్లూ అడగరు. దానం కదా, ఇస్తే తీసుకోవాలి, లేకపోతే ఊరుకోవాలి అనుకుంటాం. ఈ ఆలోచన సరైంది కాదని చెప్పడానికే ఇవాళ మాట్లాడుతున్నాను. నేను మౌల్వీని కాను. చదువుకున్నవాళ్లని అడిగి తెలుసుకున్నది, బస్తీల్లో చూసింది కలిపి చెప్తాను.

రెండేళ్ల కిందట ఒకామెని జకాత్ పంచే చోటికి నేనే తీసుకెళ్లాను. నలుగురు పిల్లలు. మొగుడు ఆటో నడుపుతాడు గానీ ఇంట్లో పైసా ఇవ్వడు. ఆమె బ్లౌజులకి హుక్కులు కుట్టి ఇల్లు నడుపుతోంది. అక్కడ కూర్చున్న పెద్దమనిషి కాగితం చూసి, "మీ ఆయన ఉన్నాడుగా, సంపాదిస్తున్నాడుగా, ఇది వితంతువులకి" అని పక్కన పెట్టేశాడు. ఆమె తిరిగి మాట్లాడలేదు. ఏం చెప్పాలో తెలియక నేనూ మాట్లాడలేదు. ఆ తర్వాతే ఈ సంగతులు తెలుసుకోవాలనిపించింది.

జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్‌లోనే ఉంది. తొమ్మిదో సూరా అయిన తౌబాలో 60వ ఆయత్ ఎనిమిది రకాల వాళ్లని లెక్క పెట్టింది. పేదలు, ఏమీ లేని నిరుపేదలు, జకాత్ వసూలు చేసి పంచే పనివాళ్లు, ఇస్లాం వైపు మనసు కలుపుకోవలసినవాళ్లు, బానిసత్వం నుంచి విడిపించవలసినవాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, దైవమార్గంలో ఉన్నవాళ్లు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు. ఈ జాబితాలో వితంతువు అనే మాటే లేదు. వితంతువుకి జకాత్ రావడం ఆమె పేదరాలు కాబట్టి. డబ్బున్న వితంతువు జకాత్ ఇవ్వాలే తప్ప తీసుకోకూడదు. అలాగే, మొగుడున్నంత మాత్రాన పేదరాలి అర్హత పోదు.

డెబ్భయ్యో సూరా మఆరిజ్‌లో ఇంకో మాట ఉంది. ఉన్నవాళ్ల సంపదలో అడిగేవాళ్లకీ, లేనివాళ్లకీ తెలిసిన ఒక హక్కు ఉంటుందని. అక్కడ వాడిన మాట 'హక్' అనే. మనం రోజూ వాడే 'హక్కు' అదే.

మరి పేద అని ఎలా తేలుస్తారు? దానికి నిసాబ్ అని ఒక కొలత ఉంది. ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి, లేదా అంత విలువైన నగదు, సరుకు. ఇంటి అవసరాలూ అప్పులూ పోగా అంత సొత్తు చాంద్రమాన సంవత్సరం పాటు ఉన్నవాళ్లు నూటికి రెండున్నర చొప్పున జకాత్ ఇవ్వాలి. అంత లేనివాళ్లు తీసుకోవచ్చు. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో బంగారం, వెండి, నగదు కలిపి విలువ కడతారు. అందుకే రెండు తులాల లచ్ఛా, చేతిలో కాస్త నగదు ఉన్న స్త్రీని కూడా "నువ్వు ఇవ్వాల్సినదానివి" అనేస్తారు. అలా అన్నప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న, "ఆమె అప్పు తీసేసి లెక్క కట్టారా?" అని. ఆ లచ్ఛా తాకట్టులో ఉండవచ్చు. కూతురి పెళ్లికి చేసిన అప్పు దాని విలువని మించి ఉండవచ్చు. అప్పులవాళ్లు ఆ ఎనిమిదిమందిలో విడిగా ఒక వర్గం. 2010లో సూక్ష్మరుణాల కంపెనీల వేధింపులు మన రాష్ట్రంలో ఎంత దూరం వెళ్లాయో మీకు తెలుసు. సంతకాలన్నీ ఆడవాళ్లవే. డబ్బు వాడుకున్నది ఎవరైనా, అప్పు ఆమె పేరు మీదే ఉంది. అలాంటప్పుడు అప్పుల వర్గంలో కూడా ఆమె పేరు రావాలి కదా?

ఇప్పుడు మొగుడి సంగతి. ఇస్లాం చట్టంలో భార్య సొత్తు భార్యది, భర్త సొత్తు భర్తది. హనఫీ పండితులు స్పష్టంగా చెప్పారు, భర్త ధనవంతుడైనా సరే, భార్య చేతిలో నిసాబ్ లేకపోతే ఆమెకి జకాత్ ఇవ్వవచ్చని. పెళ్లీడు దాటిన కూతురిక్కూడా తండ్రి ఆస్తి అడ్డు కాదన్నారు. మిగతా మజ్హబ్‌లలో భర్త పోషణ అందుతుంటే ఆమెని పేదగా లెక్కించరు. కానీ భర్త పెట్టకపోతే, ఆమె రాబట్టుకోలేకపోతే, అక్కడా ఆమె అర్హురాలే. నేను తీసుకెళ్లిన ఆమెని ఏ పద్ధతి ప్రకారమూ వెనక్కి పంపడానికి వీల్లేదన్నమాట. ఆమెని పంపేసింది మతం కాదు. ఆడదాని లెక్క మగవాడి ఖాతాలో రాసే మన అలవాటు.

ఇంకోటి. హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము తీసుకునేవాళ్ల సొంతం కావాలి. అందుకే దానితో మసీదు కట్టకూడదు, శవానికి కఫన్ కొనకూడదంటారు. ఆ సొమ్ముకి యజమాని ఉండాలి. అలాంటప్పుడు ఆమె పేరు రాసి, డబ్బు మొగుడి చేతిలో పెడితే అది ఎవరి సొంతమైనట్టు?

ఎవరికి ఇవ్వకూడదో కూడా తెలుసుకోవాలి. తల్లిదండ్రులకి, పిల్లలకి, భార్యకి జకాత్ చెల్లదు. వాళ్లని పోషించడం అతని బాధ్యత కాబట్టి ఆ బాధ్యతని జకాత్ లెక్కలో వేసుకోకూడదు. అక్కచెల్లెళ్లకి ఇవ్వవచ్చు. ఇస్తే రెట్టింపు పుణ్యం అంటారు, ఒకటి దానానికి, ఒకటి బంధుత్వానికి. మంచిదే. కానీ నాకు తెలిసిన ఒకామెకి తండ్రి ఇంట్లో వాటా ఉంది. అన్నలు పదకొండేళ్లుగా ఇవ్వలేదు. ప్రతి రంజాన్‌కి పెద్దన్న ఒక చీర, రెండు వేలు పంపుతాడు. "అన్న జకాత్ ఇస్తున్నాడు, ఎలా గొడవ పెట్టుకోను?" అంటుందామె. వాటా ఆమె సొత్తు. ముందు అది ఇవ్వాలి. ఆమె సొమ్ము దగ్గర పెట్టుకుని అందులోంచి దానం చేయడం ఏ ధర్మం?

మెహర్ కూడా అంతే. అది భర్త బాకీ. విడాకులిచ్చినవాడు ఇవ్వాల్సింది వేరే ఉంది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో, ఇద్దత్ గడువులోగానే ఆమె భవిష్యత్తుకి సరిపడా న్యాయమైన ఏర్పాటు భర్త చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలైలో, మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షన్ కింద కూడా మనోవర్తి అడగవచ్చని తేల్చింది. కాబట్టి విడాకులైన ఆమె రాగానే జకాత్ ఫారం నింపి పంపేయకండి. జకాత్ ఇప్పించండి, ఆ నెల అద్దె గడుస్తుంది. దాంతోపాటు ఆమెకి రావలసిన బాకీల కాగితం కూడా రాయండి.

చివరగా, ఈ రంజాన్‌కి మనం చేయగలిగినవి. ఫారం మీద భర్త ఆదాయం కాదు, ఆమె చేతిలో ఉన్నదీ, ఆమె అప్పులూ రాయిద్దాం. డబ్బు ఆమె చేతికే, లేదా ఆమె ఒక్కరి ఖాతాకే వెళ్లేలా అడుగుదాం. వరసల్లో నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లకి ఒక సంగతి గుర్తు చేద్దాం. ఇది జకాత్ అని తీసుకునేవాళ్లకి చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఇచ్చేవాళ్ల మనసులో ఉంటే చాలంటారు పండితులు. పండుగ కానుకగా ఇంటికి పంపినా చెల్లుతుంది. ముస్లిమేతర పేదల కోసం అడిగేటప్పుడు సదఖా అడగండి. ఎక్కువమంది పండితులు జకాత్‌ని ముస్లింలకే అన్నారు గానీ, సదఖాకి ఆ హద్దు లేదు.

ఆ హుక్కులు కుట్టే ఆమె పోయిన వారం కనిపించింది. "ఈసారి వస్తావా?" అన్నాను. "మళ్లీ ఆయన గురించే అడుగుతారు కదా ఆపా" అంది. అడిగితే జవాబు చెప్పడానికి ఈసారి నేను పక్కన నిలబడతానన్నాను. మీరూ మీ మీ బస్తీల్లో నిలబడతారని ఆశిస్తున్నాను.

సెలవు.