పాత బండికి క్రొత్త సొగసు

విశాఖపట్నము నుండి శ్రీకాకుళము వైపు పోవు 16వ నంబరు జాతీయ రహదారిమీద ఆనందపురము కూడలి తెలియనివారు ఉత్తరాంధ్రలో అరుదు. పూలబజారుకు ఆ ఊరు పేరుమోసినది. పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లికి పోవు ఆరు వరుసల బాట అక్కడనే చీలుచున్నది. ఏ ఆదివారమైనను ఉదయము ఆ కూడలిలో కొంతసేపు నిలిచినచో, సాగిపోవు మోటారుసైకిళ్ళలో ఒక జాతి వేరుగా కంటబడును. సీటు నేలకు దగ్గరగా ఉండును. ముందు ఫోర్కు వాలుగా చాచుకొని ఉండును. నడుపువాడు కాళ్ళు ముందుకు చాపి, చేతులు విప్పి, పడకకుర్చీలో కూర్చున్నట్లు కూర్చుండును. వీనిని క్రూజరులందురు.

అమెరికా దేశపు తిన్ననైన దూరపు బాటలమీద పెరిగిన రూపమిది. మన దేశమున 2001లో బజాజ్ వారు కవాసకి ఎలిమినేటరును తెచ్చిరి. 2005లో దాని పోలికతోనే అవెంజరు వచ్చినది. 1955లో మదరాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు సంస్థ 2002లో థండర్‌బర్డును విడుదల చేసి 2020 వరకు అమ్మినది. ఆనాటి బండ్లు నేడు రెండవ చేతికి, మూడవ చేతికి మారి, చిన్న జీతగానికి కూడ అందుబాటులోనికి వచ్చినవి. కొన్నవాడు ఊరుకొనడు. తన బండి పదిమంది బండ్లవలె ఉండరాదని, ఇంటి పెరటిలోనే పానాలు, స్క్రూడ్రైవరు ముందు వేసుకొని కూర్చుండును. ఆ ముచ్చట తప్పనను. చేతిపనివలన యంత్రమునందు చనువు కలుగును. అయితే ఎక్కడ చేయి పెట్టవచ్చును, ఎక్కడ పెట్టరాదు అన్నది ముందే తెలియవలెను.

పానా పట్టుటకు ముందు కాగితములు పట్టవలెను. చాసిస్ మీద చెక్కిన నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రములోని వానితో అక్షరాల సరిపోవలెను. యాజమాన్యము మారుటకు 29, 30 నంబరుల ఫారములు కావలెను. బండిమీద అప్పు ఉండి తీరినదైనచో 35వ ఫారము కూడ కావలెను. రాష్ట్రములోనే చేతులు మారినపుడు అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని చట్టము. పేరు మారని బండికి సొగసులు దిద్దుట పరుల గోడకు సున్నము వేయుట వంటిది.

ఇక అసలు సంగతి. బోల్టు విప్పి తీసి, మరల అదే బోల్టుతో బిగింపదగినది ఇంటి పని. కోసి అతుకవలసినది ఇంటి పని కాదు. విశాఖలో ఈ మాట గట్టిగా చెప్పవలసి యున్నది. 1948లో ‘జల ఉష’ నౌకను నీటిలోనికి దింపిన ఊరది. నౌకా నిర్మాణశాల, ఉక్కు కర్మాగారము ఉన్నచోట చేయి తిరిగిన వెల్డరులకు కొదువలేదు. ‘ఫ్రేము మెడ కోసి, ఫోర్కును ఇంకను చాపి ఇత్తును’ అను స్నేహితుడు వీధికొకడు దొరకును. అతని పనితనమును నేను శంకింపను. ఫ్రేము గొట్టము పలుచనిది. కర్మాగారమున దానిని అచ్చులో బిగించి, కొలతలు తప్పకుండ అతుకుదురు. పెరటిలో అతికినపుడు వేడి తగిలిన అంచున లోహపు గుణము మారును. అక్కడ గతుకు గతుకుకు కంటికి కనబడని బీట పెరుగుచుండును. ఫోర్కు వాలు మారినచో మెల్లగా పోవునపుడు హాండిలు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇట్టి పనులకే తగును.

ఇంటి పనిలో మొదటిది తుప్పు. సముద్రపు గాలి క్రోమియము పూతలో సూదిమొనంత రంధ్రము దొరికినను ఉప్పును లోనికి చొప్పించును. బండిని మంచినీట కడిగి, ఆరబెట్టి, తుప్పుపట్టిన చోటులను తీగ కుంచెతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసిన తరువాతనే రంగు మాట. టైరు ప్రక్కనున్న నాలుగంకెలను చదువుడు. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు నిండుగ ఉన్నను, ముదిరి బీటలిచ్చిన రబ్బరు తడి బాటపై పట్టదు. బ్రేకు షూలు, గొలుసు సరిచేయక అద్దములు మార్చువారిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

తరువాత సీటు. కాళ్ళు ముందుకు చాపి కూర్చుండుటచే దేహభారమంతయు నడుము క్రింది ఎముకపై పడును. గతుకు వచ్చినపుడు ఫుట్‌రెస్టులపై లేచి నిలుచుట కూడ సులభము కాదు. పాతబండిలో స్పాంజి అణగిపోయి యుండును. తొడుగు విప్పి, గట్టి స్పాంజిని కోసి అమర్చి, సీట్లు కుట్టువానిచే తొడుగు కుట్టించుకొన్నచో అరకు వరకు పోయివచ్చినను నడుము నిలుచును. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సుఖమిచ్చు మార్పు మరొకటి లేదని నా అభిప్రాయము.

హాండిలు మార్చదలచినవారు, తయారీదారులు ఆ బండికే అమ్మునట్టి దానిని ఎన్నుకొనుట మేలు. ఎత్తైన హాండిలు బిగించినపుడు ఆక్సిలరేటరు, క్లచ్చి తీగలు, బ్రేకు గొట్టము చాలక బిగుసుకొనును. బిగింపు ముగిసిన పిదప బండిని స్టాండుపై నిలిపి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా హాండిలును ఎడమ కొసకు, కుడి కొసకు త్రిప్పి చెవి యొగ్గవలెను. ధ్వని హెచ్చినచో తీగ లాగబడుచున్నదన్నమాట. అట్టి బండి మలుపులో తనంత తానే ముందుకు దూకును. ఆ పరీక్ష కాకుండ గేటు దాటింపరాదు.

దీపముల విషయము లెక్కతో కూడినది. 60 వాట్ల దీపము 12 వోల్టుల బ్యాటరీ నుండి 5 ఆంపియరుల విద్యుత్తును లాగును. అట్టివి రెండు పాత స్విచ్చి తీగకు తగిలించినచో ఆ సన్నని తీగ కాగి, పైపొర కరగును. బ్యాటరీ నుండి వేరు తీగను, ఫ్యూజును, రిలేను పెట్టవలెను. ఎదురువచ్చువాని కన్ను చెదరని దీపమే దీపము.

పెట్రోలు ట్యాంకును రంగుకై విప్పువారు ఒక సంగతి మరువరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకిపోక నేలవెంట ప్రాకి, వంటింటి పొయ్యిని చేరగలదు. ఖాళీ ట్యాంకులోనే ఆవిరి నిండుగ ఉండును. దానిని ఇంటివద్ద వెల్డింగు చేయించుట ప్రాణములతో చెలగాటము.

మిగిలినది సైలెన్సరు. దీనిని ఊడబెరికి ఒట్టి గొట్టము తగిలించుటయే కొందరికి మార్పులలోకెల్ల మార్పు. 175 సి.సి. పైబడిన మోటారుసైకిళ్ళకు తయారీ నాటి ధ్వనిపరిమితి 80 డెసిబెల్లు. రాత్రివేళ దానిని దాటిన మ్రోత ఉయ్యాలలోని బిడ్డను, గుండెజబ్బుతో పడుకొన్న వృద్ధుని ఒకేమారు లేపును. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారుల అసలు లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు చట్టసవరణచే, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. విశాఖ పోలీసులు ఇటీవలి సంవత్సరములలో పట్టుకొన్న సైలెన్సరులను రోడ్డురోలరు క్రింద నలిపించిరి. వేలు పోసి కొన్న గొట్టము రేకైపోవుట చూచుటకు ఎవరికి ముచ్చట? రంగు మార్చినచో రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించుకొనవలెను. బీమావారికిని తెలుపవలెను. మరి ఏ మార్పునైనను అనుమానమున్నచో, బిగించుటకు ముందే రవాణా కార్యాలయములో అడుగుట మంచిది.

తీసివేసిన అసలు భాగములను తూకమునకు అమ్మివేయవద్దు. నూనె రాసి, గోనెసంచిలో చుట్టి, అటకమీద పెట్టుడు. రేపు బండిని కొనవచ్చువాడు తెలిసినవాడైనచో మొదట అడుగునవి అవియే.